ఎన్‌హెచ్‌ఎల్ స్టార్లు లేకుండా ఆడే ఐస్ హాకీ టోర్నమెంట్లకి విలువ ఉందంటారా?

బరంపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మాకు హాకీ అంటే టర్ఫ్ మీద ఆడేదే. 2018లో కళింగ స్టేడియంలో వరల్డ్ కప్ జరిగినప్పుడైనా, 2023లో భువనేశ్వర్, రూర్కెలా రెండు చోట్లా జరిగినప్పుడైనా ఏ దేశమూ తన మంచి ప్లేయర్లని ఇంట్లో ఉంచుకుని రాలేదు, అందరూ వచ్చేరు. ఈమధ్య యూట్యూబ్‌లో ఐస్ హాకీ చూడ్డం మొదలెట్టేను, ఇంక వదలబుద్ధి కావట్లేదు. కానీ 2018 ప్యాంగ్‌చాంగ్, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి ఎన్‌హెచ్‌ఎల్ నుంచి, అంటే అమెరికా, కెనడాల్లో నడిచే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ నుంచి, ఒక్కరూ రాలేదని తెలిసింది. క్రాస్బీ లేడు, ఒవెచ్‌కిన్ లేడు, మెక్‌డేవిడ్ లేడు. మా ఫ్రెండేమో అది బీ టీముల టోర్నమెంట్, ఆ గోల్డ్‌కి లెక్కలేదు అంటున్నాడు. నాకు ఆ మ్యాచులు చూస్తుంటే అలా అనిపించట్లేదు గానీ వాడికి గట్టిగా జవాబు చెప్పలేకపోతున్నాను. అసలు వాళ్ళు ఎందుకు రారు? స్టార్లు లేని ఆ మ్యాచులు కూర్చుని చూడ్డం దండగేనా?

పర్లాకిమిడి:
తమ్ముడూ, ముందు ఎందుకు రారో చెప్తాను. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ అక్టోబర్‌లో మొదలై వసంతం దాకా నడుస్తాది, వింటర్ ఒలింపిక్స్ వచ్చేది ఫిబ్రవరిలో, అంటే సరిగ్గా మధ్యలో లీగ్ మొత్తం ఆపేయాలి. ఆపితే ఓనర్లకి ఆదాయం పోతాది, కోట్ల డాలర్ల కాంట్రాక్టున్న ప్లేయర్ అక్కడ కాలు విరగ్గొట్టుకుంటే ఆ నష్టం క్లబ్బుకే. అయినా 1998 నగానో నుంచి 2014 సోచి దాకా వరసగా అయిదు ఒలింపిక్స్‌కి పంపేరు. అంతకుముందు ప్లేయర్ల ఇన్సూరెన్స్, ప్రయాణం ఖర్చు ఒలింపిక్ కమిటీ పెట్టుకునేది, 2018కి పెట్టుకోము అన్నాది. ఇంటర్నేషనల్ ఫెడరేషన్ నేను కడతాను అని ముందుకొచ్చినా లీగ్ ఒప్పుకోలేదు, ఎందుకంటే డబ్బొక్కటే కాదు, తమ ప్లేయర్లు ఆడే టోర్నమెంట్‌ని తమ ప్రచారానికి వాడుకునే హక్కు కూడా వాళ్ళకి లేదు. 2022కి వస్తామనే చెప్పేరు, కోవిడ్ వల్ల మ్యాచులు వాయిదాలు పడిపోయి 2021 డిసెంబర్లో వెనక్కి తగ్గేరు.

ఇంక దండగా కాదా అన్నదానికి నేను 2018 ఫైనలే చూపిస్తాను. ఒక పక్క రష్యా వాళ్ళు, ఆ ఏడాది డోపింగ్ గొడవ వల్ల రష్యా పేరూ జెండా లేకుండా ఆడేరు. ఇంకో పక్క జర్మనీ, ఒలింపిక్ హాకీ ఫైనల్‌కి అదివరకు ఎప్పుడూ రాని జట్టు, అందరూ సొంత దేశం లీగుల్లో ఆడుకునే వాళ్ళే. క్వార్టర్స్‌లో స్వీడన్‌ని ఓవర్‌టైంలో కొట్టేరు, సెమీస్‌లో కెనడాని 4-3తో కొట్టేరు. ఫైనల్‌లో ఇంకో నిమిషం ఉందనగా కూడా 3-2తో జర్మనీదే ముందంజ, పైగా రష్యా ప్లేయర్ ఒకడు శిక్ష పడి పెనాల్టీ బాక్సులో కూర్చున్నాడు, అంటే వాళ్ళకి ఒక మనిషి తక్కువ. వాళ్ళు గోల్‌కీపర్‌ని కూడా బయటికి లాగేసి ఇంకో అటాకర్‌ని దింపేరు, 55 సెకండ్లు మిగిలుండగా గుసెవ్ గోల్ కొట్టి సమం చేసేడు! ఓవర్‌టైంలో కాప్రిజోవ్ కొట్టింది గోల్డ్ గోల్. వాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు, ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగు కూడా పెట్టలేదు, ఈరోజు మినెసోటా టీమంటేనే వాడు. ఆ మ్యాచ్ పూర్తిగా చూసేక మీ ఫ్రెండ్‌ని బీ టీం అనమను చూద్దాం.

రాయగడ:
పర్లాకిమిడి అన్నగారు చెప్పిన ఫైనల్ నేనూ చూసేను, బ్రహ్మాండమైన మ్యాచే, కాదన్ను. కానీ మ్యాచ్ బావుండడం వేరు, ఆట ఎత్తు వేరు అండీ. 2010 వాంకూవర్ ఫైనల్ చూడండి, కెనడా, అమెరికా, ఓవర్‌టైంలో క్రాస్బీ గోల్, 3-2. ఆ స్పీడు, ఆ పాసులు, డిఫెన్సులో ఆ చోటు దొరకనివ్వకపోవడం మిగతా వాటిలో కనపడదు. 2014లో కెనడా మొత్తం టోర్నీలో ఇచ్చుకున్నవి మూడే మూడు గోల్స్. ఇంకొకటి, స్టార్లు రాకపోతే నష్టం చూసేవాళ్ళకే కాదు. జర్మనీకి సిల్వర్ వచ్చిన ఏడాది జర్మనీలో అందరికంటే గొప్ప ప్లేయర్ డ్రైసైటిల్ ఆ టీములో లేడు. ఒవెచ్‌కిన్ అయితే నేను వెళ్తాను అని పైకే చెప్పి చివరికి ఆగిపోవాల్సొచ్చింది. ప్లేయర్ వయసు ఎవరికోసమూ ఆగదు కదా, ఇరవై ఒకటో ఏట పోయిన ఒలింపిక్స్ మళ్ళీ రాదు. అందుకే 2026 మిలాన్‌కి, 2030కి లీగ్ మళ్ళీ ఒప్పుకుందని విన్నప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

జయపురం:
మీరందరూ ఒలింపిక్స్ దగ్గరే ఆగిపోయేరు. ప్రతి ఏడూ మే నెలలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరుగుతాది, సరిగ్గా అప్పుడే అమెరికాలో స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ ఆఖరి నాకౌట్ మ్యాచులు, నడుస్తుంటాయి, కాబట్టి ప్లేఆఫ్స్‌కి రాని టీముల వాళ్ళో, ముందే ఓడి బయటపడ్డ వాళ్ళో మాత్రమే వస్తారు, అందులోనూ ఒళ్ళు నొప్పులు లేనివాళ్ళు. ఒక దేశం నిండా స్టార్లు, ఇంకో దేశానికి ఒకరూ ఉండరు. రాయగడ గారి మాటే నిజమైతే స్టార్లున్న టీం ప్రతిసారీ గెలవాలి. 2019 చూడండి. రష్యాలో ఒవెచ్‌కిన్, మాల్కిన్, ఆ సీజన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 128 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) అందరికంటే పైనున్న కుచెరోవ్. ఫిన్లాండ్‌లో ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళు దాదాపు లేరు. సెమీస్‌లో ఫిన్లాండ్ 1-0. కెప్టెన్ ఆంటిలాదే ఆ గోల్, రెండు మీటర్లు దాటిన మనిషి. ఫైనల్‌లో కెనడా మీద కూడా రెండు కొట్టేడు, 3-1. ఆ టీంని నడిపిన కోచ్ యాలొనెనే 2022 బీజింగ్‌లో ఫిన్లాండ్‌కి మొట్టమొదటి ఒలింపిక్ గోల్డ్ తెచ్చేడు, ఫైనల్ రష్యా వాళ్ళ మీద 2-1. గోల్‌కీపర్ కాక మిగతా అయిదుగురూ ఒకేసారి వెనక్కొస్తారు, ఒకేసారి ముందుకెళ్తారు, ఎవడి చోటు వాడు వదలడు. అది కలిసి ఆడినందువల్ల వచ్చే ఎత్తు, దాన్ని తక్కువ అనడానికి నాకు మనసొప్పదు.

2023లో లాత్వియా అమెరికాని ఓవర్‌టైంలో 4-3తో కొట్టి బ్రాంజ్ తెచ్చుకుంది, వాళ్ళకి వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో అదే తొలి మెడల్. ఆ రాత్రే పార్లమెంట్ కూర్చుని మర్నాడు దేశమంతా సెలవు ప్రకటించేసింది. ఆ దేశం జనాభా 19 లక్షల దగ్గర, మన గంజాం జిల్లా 2011 లెక్కలకే 35 లక్షలు. అంత చిన్న దేశానికి అలాంటి రోజు రావాలంటే ఇలాంటి టోర్నమెంటే ఉండాలి కదండీ.

రాయగడ:
జయపురం గారూ, ఫిన్లాండ్ సంగతి ఒప్పుకుంటాను. 2025లో క్రాస్బీ, మెకినన్ ఇద్దరూ ఉన్న కెనడాని డెన్మార్క్ సొంత గడ్డ మీద 2-1తో కొట్టింది కూడా మీకు సాయంగా నేనే గుర్తు చేస్తున్నాను. కానీ ఆ గెలుపుకి అంత విలువ ఎందుకొచ్చింది? అవతల క్రాస్బీ ఉన్నాడు కాబట్టే. స్టార్లు వచ్చి ఓడాలి, రాకుండా కాదు.

బల్లార్షా:
నేను మహారాష్ట్ర దిక్కున ఉంటా, మీ ముచ్చట్లన్నీ చదివిన, మంచిగున్నయ్. కానీ 1980 గురించి ఎవ్వలూ అంటలేరేంది? అప్పట్ల ఒలింపిక్స్‌ల ప్రొఫెషనల్స్‌కు ఎంట్రీనే లేకుండె. కెనడా అయితే మా మంచోళ్ళను ఆడనియ్యరా అని కోపంతోటి 1972, 1976 ఒలింపిక్స్ హాకీకే పోలే. సోవియట్ వాళ్ళు మాత్రం కాగితం మీద ఆర్మీ ఆఫీసర్లు, ఏడాది పొడుగునా చేసేటిది హాకీనే. వరుసగా నాలుగు గోల్డులు గెల్చిన్రు. గసొంటోళ్ళ మీదికి అమెరికా కాలేజీ పోరగాండ్లను పంపింది. ఒలింపిక్స్‌కు కొన్ని దినాల ముందు న్యూయార్క్‌ల ఆడితే సోవియట్లు 10-3తోని తొక్కిన్రు. అదే పోరగాండ్లు ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌ల 4-3తో గెల్చిన్రు, మూడోది, ఆఖరి పీరియడ్ మొదలైనప్పుడు ఒక గోల్ వెనకనే ఉన్నరు. కోచ్ హెర్బ్ బ్రూక్స్ పేరున్నోళ్ళను కాదు, తన ఆటకు పనికొచ్చేటోళ్ళను ఏరుకున్నడు, నెలల తరబడి వాళ్ళను ఒక్క దగ్గర్నే ఉంచి ఉరికిచ్చిండు. ఐస్ హాకీ చరిత్రల గొప్ప మ్యాచ్ ఏదంటే అమెరికాల ఇప్పటికీ అదే చెప్తరు. ఆ రోజు అమెరికా దిక్కు స్టారనేటోడు ఒక్కడు లేడు.

బరంపురం కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. రాయగడ గారి మాట కూడా నాకు నచ్చింది, ఈసారి మా ఫ్రెండ్‌తో కూర్చుంటే రెండు వైపులా మాట్లాడతాను. మరి రికార్డింగులు కాకుండా లైవ్‌లో స్టార్లు లేని టోర్నమెంట్ చూడాలంటే దేంతో మొదలెట్టమంటారు?

పర్లాకిమిడి:
డిసెంబర్ 26 పెట్టుకో. ఆరోజే వరల్డ్ జూనియర్స్ మొదలవుతాది, ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళది, ఇంకో మూడు నాలుగేళ్ళకి స్టార్లయ్యే వాళ్ళని ఇప్పుడే చూసుకోవచ్చు. అదే రోజు స్విట్జర్లాండ్ దావోస్‌లో స్పెంగ్లర్ కప్ కూడా మొదలు, 1923 నుంచి ఉన్న టోర్నీ, క్లబ్బులతో పాటు యూరప్‌లో ఆడే కెనడా వాళ్ళతో కట్టిన టీం ఒకటి వస్తాది. మే నెల ఛాంపియన్‌షిప్‌లో సాయంత్రం మ్యాచులు మనకి అర్ధరాత్రి దగ్గర పడతాయి, ముందు ఒక కునుకు తీసి లేచి చూడు. మొదట లాత్వియా, స్లోవేకియా, డెన్మార్క్ ఆడేవి చూడు, కెనడావి తర్వాత.