తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న పటకారు ఏది మంచిది?

బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మొన్న అమ్మ కళ్లజోడు మర ఊడిపోతే చాకు మొనతో బిగించబోయి వేలు కోసుకున్నాను. కళ్లజోడు మరలు, సైకిల్ బ్రేకు తీగ, వదులైన తలుపు గడియ: నా పనులు ఇంతే. పటకారు ఉన్న బుల్లి మల్టీటూల్ (మడిచిపెట్టుకునే పలు పనిముట్ల కట్ట) ఏదైనా చెప్పగలరా?

జవాబు: ఆరేళ్లుగా నా జేబులో లెదర్‌మ్యాన్ స్క్వర్ట్ పీఎస్4 ఉందండీ. మూస్తే ఆరు సెంటీమీటర్ల లోపే, బరువు 56 గ్రాములు. పిడులు నొక్కి వదలగానే స్ప్రింగు పటకారు దవడలను తెరుస్తుంది. ఒక చేత్తో తీగ పట్టుకుని ఇంకో చేత్తో నొక్కేటప్పుడు ఎంత హాయిగా ఉంటుందో! తయారీ ఆపేశారు, పాతదైనా మంచి స్థితిలో దొరికితే వదలకండి.

జవాబు: గెర్బర్ డైమ్ కూడా చూడండి, దానికీ స్ప్రింగు ఉంది. అయితే ఇలాంటి చిన్న దవడలతో బిగిసిపోయిన నట్లు తిప్పవద్దు, దవడలు మెలిపడతాయి. పిడులు లోహంవి కాబట్టి మెయిన్ స్విచ్ ఆపకుండా కరెంటు తీగల జోలికి అసలే వెళ్లవద్దు.

జవాబు: విమానంలో ఊరికి వెళ్లేటప్పుడు చేతి సంచిలో ఉంచుకోకండి, చెక్-ఇన్ సామానులో పెట్టండి.

అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. శనివారం పనిముట్ల దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి, స్ప్రింగు స్వయంగా నొక్కి చూశాకే కొంటాను.