అప్‌డేట్: మామీ నదిలో వాల్‌ఐ పడింది!

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టొలీడో దగ్గర మామీ నదిలో వాల్‌ఐ చేపను ఎలా పట్టాలని అడిగాను కదా, మీరు చెప్పినట్టే ఎర నది అడుగున రాళ్ళకు తగులుతూ పోయేంత సీసం బరువు కట్టి, కాస్త ఎగువకి విసిరి ప్రవాహానికి వదిలేశాను. పడింది! మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈరీ సరస్సు నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చే ఈ చేపలు అడుగునే ఉంటాయి కాబట్టి ఎరని పైపైన లాగితే లాభం లేదు.

కొత్తవాళ్ళకి ఒక్క మాట, గాలం నోటి లోపల కాకుండా ఇంకెక్కడ గుచ్చుకున్నా ఆ చేపని వదిలేయాలి, అది అక్కడి రూల్, నాకైతే చాలా న్యాయంగా అనిపించింది. 15 అంగుళాల లోపువి కూడా వదిలేయాల్సిందే.

తెల్లటి మెత్తని కండ, చింతపండు పులుసులో అద్భుతంగా కుదిరింది. స్మాల్‌మౌత్ బాస్ అనే ఇంకో రకం చేప కోసం నీళ్ళు ఇంకా వెచ్చబడాలి, మేలో ఈరీ సరస్సులోని దీవుల దగ్గర ప్రయత్నిస్తా. అందరికీ థాంక్స్!