తప్పుగా పడిన ధరకు జర్మనీలో ఒప్పందం కుదిరినట్టేనా?

మైన్_గట్టు: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాను. ఒక ఆన్‌లైన్ దుకాణంలో 849 యూరోల వాషింగ్ మెషీన్‌ను 84.90కే చూపిస్తుంటే ఆర్డరు పెట్టి డబ్బు కట్టాను. "మీ ఆర్డరు తీసుకున్నాం, త్వరలో పంపుతాం" అని వెంటనే మెయిల్ వచ్చింది. ఇప్పుడు ధర పొరపాటున పడిందంటూ రద్దు చేశారు. ఇది చెల్లుతుందా?

శాసనప్రియ: చెల్లుతుంది. వెబ్‌సైటులో ధర చూపడం ప్రతిపాదన కాదు, ప్రతిపాదన చేయమని కొనేవారిని పిలవడమే. మీ ఆర్డరే ప్రతిపాదన. అది అందిందని వెంటనే తెలపడం సివిల్ కోడ్ 312ఐ ప్రకారం దుకాణం విధి కాబట్టి, అంతమాత్రాన అంగీకరించినట్టు కాదు.

కొలోన్_రావు: "త్వరలో పంపుతాం" అన్నాక అంగీకారం కాక మరేమిటండీ? ఈబేలో ఒక యూరోతో వేలానికి పెట్టిన పస్సాట్ కారును అమ్మకందారు మధ్యలో వెనక్కి తీసుకుంటే, 2014లో ఫెడరల్ కోర్టు కొనుగోలుదారుకు 5,249 యూరోలు ఇప్పించింది.

రూర్_బుజ్జి: 84 యూరోలకు కొత్త మెషీన్ వస్తుందని నిజంగానే నమ్మారా?

శాసనప్రియ: రావు గారూ, ఆ అమ్మకందారు ఒక యూరో అని తెలిసే పెట్టాడు, అక్కడ పొరపాటు లేదు. అదే కోర్టు 2005లో, 2,650 యూరోల లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల 245కి పడి, సరుకు చేరిపోయాక కూడా, పొరపాటున అన్న మాటను వెనక్కి తీసుకోనిచ్చే 119వ సెక్షన్ కింద రద్దును ఒప్పుకుంది. ఒప్పందం కుదిరినా ఇలా రద్దవుతుంది కాబట్టి మెయిల్ మాటల మీద తగువు వృథా.

కొలోన్_రావు: ఎవరి పొరపాటుకు ఈ 119? నేను అల్మారా కొలత తప్పు ఇచ్చానని మర్నాడే వెళ్లి మొత్తుకుంటే, దుకాణం వాళ్లు సంతకం చూపించి పంపేశారు.

శాసనప్రియ: అది కొనేవారికీ వర్తిస్తుంది. 25 గ్రోసులంటే (గ్రోసుకు పన్నెండు డజన్లు) 3,600 చుట్టలని తెలియక టాయిలెట్ పేపర్ ఆర్డరిచ్చిన బాలికల పాఠశాల ఉప ప్రధానోపాధ్యాయురాలి తప్పును హనావు కోర్టు 1978లో మన్నించింది. అయితే మీరు సరిగా కొలిచి తప్పు రాశారా, కొలవడమే తప్పు కొలిచారా? రెండోదైతే మీరు రాయదలచిందే రాశారు కాబట్టి 119 పనికిరాదు.

కొలోన్_రావు: నేను అంటున్నదీ అదే. ఇంత తేడా పట్టి వాదించడానికి వాళ్లకు జీతమిచ్చి పెట్టుకున్న లాయర్లు ఉంటారు, మాకుంటారా? పుస్తకంలో సెక్షన్ అందరిదీ, చేతికందేది కొందరికే.

శాసనప్రియ: అది న్యాయం అందడం గురించిన ఫిర్యాదు, ఒప్పందం గురించి కాదు. పైగా పొరపాటు చేసిన పక్షమే, దాని మాట నమ్మి నష్టపోయిన వారికి 122వ సెక్షన్ ప్రకారం పరిహారమివ్వాలి. పొరపాటని తెలిసి గానీ, తెలియవలసి ఉండి గానీ కొన్నవారికి మాత్రం అదీ దక్కదు. బుజ్జి గారి ప్రశ్న అందుకే ముఖ్యం.

లైప్‌జిగ్_విద్యార్థి: రద్దు మెయిల్ ఎప్పుడు వచ్చింది?

మైన్_గట్టు: మూడు వారాల తర్వాత. సైటులో ధర మాత్రం నేను కొన్న సాయంత్రమే 849కి మారింది, స్క్రీన్‌షాట్ ఉంది.

శాసనప్రియ: ఇది ముందే చెప్పవలసింది. తప్పు తెలిసిన వెంటనే, అనవసర జాప్యం లేకుండా రద్దు చేయాలని 121వ సెక్షన్ అంటుంది. రెండు వారాలు దాటితే సాధారణంగా ఆలస్యమే. ధర సరిదిద్దారంటే ఆ రోజే వారికి తెలిసిందని వాదించవచ్చు. అయితే ముందు ఒప్పందం కుదిరిందని చూపాలి. దానికి ఆ మెయిలే ఆధారం.

కొలోన్_రావు: అంటే ఇందాక వృథా అన్న మెయిల్ మాటలేనన్నమాట.