అప్‌డేట్: 'పరిశుద్ధుడు' మూడుసార్లు ఎందుకు, మూడో చరణంలో నిప్పు ఏంటి

పాలకొల్లు దగ్గర మా సంఘంలో ఆరాధనకు ఎత్తుకునే పరిశుద్ధత పాట గురించి పై రెండు సంగతులూ అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ వందనాలు. తేలింది ఇదీ.

మూడుసార్లు అనడం బైబిల్లో యెషయా 6:3లో సెరాపులది (దేవుని సింహాసనం దగ్గర నిలిచే దూతలు); ప్రకటన 4:8లో నాలుగు జీవుల నోట మళ్లీ వస్తుంది. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) కోసమే అని చాలామంది రాశారు. సంఘం అలా చదువుకోవడం పాతదే, తప్పేం లేదు. కానీ యిర్మీయా 7:4లో ఆలయం పేరు కూడా మూడుసార్లే వస్తుంది. కాబట్టి ముందు అది నొక్కి చెప్పే తీరు.

అసలు సంగతి నిప్పుదే. సెరాపుకు ఆరు రెక్కలు: రెండు ముఖం కప్పుకోవడానికి, రెండు కాళ్లకి, ఎగరడానికి రెండే. దూతలే ముఖం దాచుకునే చోట యెషయా ప్రవక్త నిలబడ్డాడు. తన పెదవులు అపవిత్రమని ఒప్పుకున్నాకే బలిపీఠం మీది నిప్పు వాటికి తగిలింది (6:7). 'నన్ను పంపు' అనేది ఆ తర్వాతి వచనం. టైం లేదని నిప్పున్న మూడో చరణం ఎగరగొట్టి 'నన్ను పంపు' అనే నాలుగులోకి దూకితే అర్థం తెగిపోతుంది. తగ్గించాలంటే రెండోది వదలండి.

మూడో చరణానికి ప్యాడ్స్, డోలక్ ఆపేసి హార్మోనియం ఒక్కటే ఉంచాం. సెరాపులు ఒకరితో ఒకరు అంటారు కాబట్టి పల్లవిలో మొదటిసారి ఆడవాళ్లు, రెండోసారి మగవాళ్లు, మూడోది అందరూ. పాడేవాళ్లకు ఊపిరీ అందుతుంది.