అప్‌డేట్: మూలల్లో రాడ్లు వేయించాం

భీమిలి దగ్గర అమ్మవాళ్ళకి ఇటుక గోడలతో రేకుల ఇల్లు కడుతున్నాం, తుఫాను గాలికి గోడలు పునాదిని వదలకుండా ఏం చెయ్యాలి అని అడిగాను కదా, చెప్పినవాళ్ళందరికీ థ్యాంక్స్ అండీ. మేస్త్రి అయితే "సిమెంటు పట్టీస్తది బాబూ, రాడ్లెందుకు" అన్నాడు, 2014 హుద్‌హుద్ తుఫాను మాటెత్తితే ఇంక నోరెత్తలేదు. ఇంజనీర్ చెప్పినట్టే ప్రతి మూలకీ, తలుపుల పక్కనా ఒక్కో 12 ఎంఎం రాడ్డు, కింద ఎల్ షేపులో వంచి పునాది కాంక్రీట్లోనే దింపి, ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ మొదట్లో వేసేది), లింటెల్ బీమ్ (తలుపుల పైన వేసేది) మీదుగా గోడ నెత్తిన ఉండే పై బీమ్ దాకా లాగాం, అతుకు దగ్గర రెండు రాడ్లూ రెండడుగుల మేర పక్కపక్కన ఉండేలా ల్యాప్ ఇచ్చాం. రాడ్డు చుట్టూ ఇటుకల్లో వదిలిన గుంతని కొన్ని వరసలకోసారి కాంక్రీటుతో కూరాలి, పనోళ్ళు అక్కడ ఇటుక ముక్కలు పడేసి పైన సిమెంటు మాలు పూసేస్తారు, దగ్గరుండి చూసుకోండి. రేకుల కింద పైపులు కూడా పై బీమ్‌కే బోల్టులతో బిగించాం. స్టీలుకి పెద్దగా అవ్వలేదు, కూలీకే కాస్త ఎక్కువైంది.