చవుడు కడిగినట్టు అంగారకుడి మట్టిని కడగగలమా?

ప్రశ్న – అల్లవరం రైతుబిడ్డ:
వేసవిలో కాలువ కట్టేశాక మా చేలో పాలచవుడు తెల్లగా పైకి తేలి, అరికాలి కింద కరకరలాడుతుంది. కాలువ వదలగానే నాన్నగారు గట్లు ఎత్తు చేయించి, మంచినీరు నిలగట్టి, కొన్నాళ్లకు మురుగుకాలువలోకి తీసేస్తారు. ఇలా రెండు మూడు తడవలు కడిగి, జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నిస్తే ఆ చెక్కలోనూ వరి నిలబడుతుంది. 2008లో నాసా వారి ఫీనిక్స్ నౌక అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్ అనే విష లవణాలను గుర్తించిందని చదివాను. అక్కడి మంచు కరిగించి ఆ నేలను కూడా ఇలాగే కడగలేమా?

జవాబు – రావులపాలెం సైన్సు మాస్టారు:
ఆ లవణాలు నీటిలో తేలిగ్గా కరుగుతాయి కనుక మీ ఆలోచన సబబే. చిక్కంతా నీరు నిలగట్టడంలో ఉంది. మన దగ్గర గాలి పీడనం సుమారు 1013 మిల్లీబార్లు, అక్కడ దాదాపు 6. అంత పలుచని గాలిలో నీరు సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సగటు ఉష్ణోగ్రత చూస్తే మైనస్ 60 డిగ్రీలు. మడిలో పెట్టిన నీరు ఒకపక్క గడ్డకడుతూనే మరోపక్క ఆవిరైపోతుంది. కాబట్టి ముందు గాలిని చిక్కబరచాలి. ధ్రువాల వద్ద గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అంతా ఆవిరి చేసినా పీడనం రెట్టింపు మాత్రమే అవుతుందని జకోస్కీ, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్తలు 2018లో లెక్కగట్టారు.

జవాబు – ధవళేశ్వరం వాసి:
కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాడంటే, అప్పటికే పారుతున్న గోదావరిని పక్కకు మళ్లించాడు. అంగారకుడి మీద మళ్లించడానికి నదే లేదు. గ్రహమంతటినీ మార్చే మాట పక్కనపెట్టి, గాలి బయటకు పోని గుడారం కింద పది సెంట్లు బాగుచేయడం గురించి ఆలోచిస్తే నయమని నా అభిప్రాయం.

అల్లవరం రైతుబిడ్డ:
ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. గాలి సంగతి ఆయనకు పట్టలేదు కానీ, “గుడారంలో కడిగితే మురుగు ఎక్కడికి తీస్తారురా?” అని అడిగారు.

రావులపాలెం సైన్సు మాస్టారు:
అసలు ప్రశ్న నాన్నగారే వేశారు. మనకు మురుగు దిగడానికి సముద్రం ఉంది. అక్కడ ప్రతి చుక్కనూ తిరిగి వాడుకోవాలి కనుక, ఆ నీటిని ఆవిరి చేసి చల్లార్చి పట్టుకోవాలి, లేదా పెర్క్లోరేట్‌ను విడగొట్టే బాక్టీరియాకు అప్పగించాలి. అవి విషాన్ని మామూలు క్లోరైడ్‌గా మారుస్తాయి. అయితే ఆ క్లోరైడ్ ఉప్పే. బాక్టీరియాతో శుద్ధి చేసినా చివరికి ఆవిరి పట్టక తప్పదు.