గూగుల్ యాడ్స్‌లో రోజుకి 300 బడ్జెట్, క్లిక్స్ వస్తున్నాయి కానీ కాల్స్ రావట్లేదు

తెనాలిలో మా బాబాయికి మోటార్ రివైండింగ్ షాపు ఉంది, బోరు మోటార్లు, సబ్‌మెర్సిబుల్ పంపులు రిపేర్ చేస్తాడు, దానికి సెర్చ్ యాడ్ నేను పెట్టా. బిడ్డింగ్ మ్యాగ్జిమైజ్ క్లిక్స్ (బడ్జెట్‌లో వీలైనన్ని ఎక్కువ క్లిక్స్ తెచ్చే పద్ధతి), పొద్దున పదకొండుకల్లా బడ్జెట్ అయిపోతోంది. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం ఏం వెతికితే మన యాడ్ వచ్చిందో చూపే లిస్ట్) తెరిస్తే "రివైండింగ్ కోర్సు", "కాపర్ వైర్ కేజీ రేటు", "1 హెచ్‌పీ మోటార్ వైండింగ్ టర్న్స్"... అంటే పని నేర్చుకునేవాళ్ళే మన డబ్బులతో క్లిక్ చేస్తున్నారన్నమాట.

చేసినవి: కీవర్డ్స్‌కి బ్రాడ్ మ్యాచ్ (కాస్త సంబంధం ఉన్న వెతుకులాటలకీ యాడ్ చూపేది) తీసేసి ఫ్రేజ్ (కీవర్డ్ అర్థం ఉన్న వెతుకులాటలకే చూపేది) పెట్టా, వేరే సైట్లలో యాడ్ చూపించే డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ రెండూ ఆపేశా, లొకేషన్‌లో "ఇంట్రెస్ట్" ఆప్షన్ తీసేసి ప్రెజెన్స్ (ఆ ఊళ్ళో ఉండేవాళ్ళకే చూపేది) ఒక్కటే ఉంచా (అంతకుముందు హైదరాబాద్ నుంచి కూడా క్లిక్స్ పడేవి), కోర్సు, రేటు, డేటా, జాబ్ అన్నీ నెగెటివ్స్‌లో (యాడ్ రాకూడని మాటల లిస్ట్‌లో) వేశా. అయినా "ఎలా చుట్టాలి", "ట్రైనింగ్" అని కొత్త మాటలు వస్తూనే ఉన్నాయి, నెగెటివ్స్‌కి అదే అర్థం ఉన్న వేరే మాటలు వర్తించవు కదా, ఎన్నని వేస్తాం.

కాల్ యాసెట్ (యాడ్‌లో ఫోన్ నంబర్ చూపేది) ఉంది, కాల్ కన్వర్షన్ (వచ్చిన కాల్స్ లెక్కపెట్టేది) కూడా సెట్ చేశా, ఇంకా సున్నానే.

తెనాలి లాంటి చిన్న ఊళ్ళో ఈ బడ్జెట్‌కి ఎగ్జాక్ట్ మ్యాచ్‌కి (కీవర్డ్‌తో అదే అర్థంలో వెతికితేనే చూపేదానికి) మారిపోతే అసలు ఇంప్రెషన్స్ వస్తాయా (యాడ్ ఎవరికైనా కనిపిస్తుందా), లేక ఫ్రేజ్‌లోనే ఉండి నెగెటివ్స్ పెంచుకుంటూ పోవడమే మేలా?